టెల్ అవీవ్ వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి హారికకు అత్త ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "అక్కా, అది ఇజ్రాయెల్ వెళ్తానంటోంది, నువ్వే ఏదో ఒకటి చెప్పు" అన్నాడు. వెళ్ళొద్దని చెప్పాలా, ధైర్యం చెప్పాలా అని అడిగితే మాట్లాడలేదు. టెల్ అవీవ్ ఆఫీసునీ హైదరాబాద్ ఆఫీసునీ, ఉద్యోగులు మాట్లాడుకునే ఒకే సోషల్ నెట్‌వర్క్‌లోకి తెచ్చే పని నీకు అప్పగించారని విని నాకు కళ్ళు చెమర్చాయి. ఆ తర్వాత తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

పాస్‌పోర్టు, వీసా, ఇన్సూరెన్స్ కాపీలు ఒక సెట్టు నాన్న దగ్గర పెట్టు. దిగగానే మన ఎంబసీలో పేరు నమోదు చేయించుకో.

అద్దె తక్కువని పాత బిల్డింగులో మాత్రం దిగకు. 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత అక్కడ కొత్తగా కట్టే ఇళ్ళకు రూల్ పెట్టారు. ఆ ఫ్లాట్లలో క్షిపణులు వచ్చినప్పుడు తలదాచుకోవడానికి మందపాటి కాంక్రీటు గోడలు, ఇనుప కిటికీ ఉన్న గది ఒకటి ఇంట్లోనే ఉంటుంది, మమాద్ అంటారు. అంతకుముందు కట్టిన చాలా ఇళ్ళలో సైరన్ మోగితే మెట్లు దిగి కిందికో, వీధిలోని షెల్టర్‌కో పరిగెత్తాలి. దాడి వస్తోందని హెచ్చరించే హోమ్ ఫ్రంట్ కమాండ్ యాప్ మొదటి రోజే ఫోన్‌లో వేసుకో. నువ్వు పెట్టబోయే నెట్‌వర్క్‌లో కూడా "అందరూ క్షేమమేనా" అని అడిగే ఛానెల్ ఒకటి విడిగా ఉంచు. పుట్టినరోజు కేకులు, క్రికెట్ కబుర్లు అందులోకి రాకూడదు. హైదరాబాద్ వాళ్ళను కూడా అందులో చేర్చు. అక్కడి మనుషుల కోసం ఇక్కడ టీవీ ముందు కూర్చుని బెంగపడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఇక అసలు సంగతి. ఇది జాగ్రత్తగా చదువు.

నేను పనిచేసిన ఒక కంపెనీ, పేరు ఎందుకులే, నీలాగే రెండు ఆఫీసులకీ కలిపి ఒక సోషల్ నెట్‌వర్క్ తెచ్చింది. చూడ్డానికి అచ్చం ఫేస్‌బుక్‌లా ఉండేది. ప్రతి టీమూ వారం వారం పోస్ట్ పెట్టాలని పైనుంచి ఆర్డర్ వచ్చింది. ఎవరు ఎక్కువ పెట్టారో నెలాఖరున పేర్లు చదివేవాళ్ళు. మనవాళ్ళు బుద్ధిగా పెట్టారు, దీపావళి ముగ్గులూ టీమ్ లంచ్ ఫొటోలూ. టెల్ అవీవ్ పక్కనున్న హెర్జ్‌లియా ఆఫీసు వాళ్ళు కొన్నాళ్ళు చూసి మానేశారు. వాళ్ళ మాటలన్నీ కాఫీ మెషీన్ దగ్గర, లేకపోతే ఒక వాట్సాప్ గ్రూపులో. ఆ గ్రూపులో సగం మంది సైన్యంలో ఒకే యూనిట్‌లో పనిచేసిన స్నేహితులు. అక్కడ అది మామూలే. 8200 లాంటి ఇంటెలిజెన్స్ యూనిట్ నుంచి బయటికి వచ్చిన కుర్రాళ్ళు కలిసి కంపెనీలు పెడతారు, ఒకరినొకరు ఉద్యోగాల్లోకి లాగుతారు. అసలైన నెట్‌వర్క్ వాళ్ళకు ముందే ఉంది. మన దగ్గరివాళ్ళు ఎవరూ అందులో లేరు. ఉన్నా హీబ్రూ రాదు.

2014 జూలైలో గాజా యుద్ధం మొదలై రిజర్వ్ సైనికులను, అంటే సైన్యంలో పనిచేసి వచ్చి మామూలు ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళను, పిలిచారు. బిల్లింగ్ చూసే ఇంజనీరు ఒకరోజు పొద్దున్నే యూనిఫాం వేసుకుని వెళ్ళిపోయాడు. ఫోన్ స్విచాఫ్. ఆ వారంలోనే హైదరాబాద్‌లో మా టీమ్‌లో ఒకమ్మాయికి కోడ్‌లో ఒక సంగతి కనిపించింది. బ్యాంకు నుంచి జవాబు రాకపోతే మళ్ళీ అడిగే ముందు మన సిస్టమ్ చాలాసేపు ఆగుతోంది. ఎందుకు ఆగుతోందో కోడ్‌లో ఒక్క ముక్క లేదు. ఊరికే ఆలస్యమవుతోందని ఆ అమ్మాయి ఆ టైమ్ తగ్గించింది. టెస్టులన్నీ పాసయ్యాయి. రాత్రికి ఒక కస్టమర్ దగ్గర బిల్లులు రెండేసిసార్లు కట్ అవడం మొదలైంది.

ఏం జరిగిందో తెలియక అందరం ఆ నెట్‌వర్క్‌లో అతని పేరు కొట్టి వెతికాం. అతను కేకు కోస్తున్న ఫొటో వచ్చింది, దాని కింద అభినందనలు వచ్చాయి, ఇంకేం రాలేదు. అసలు కారణం మర్నాడు తెలిసింది. ఆ కస్టమర్ బ్యాంకు నెమ్మదిగా జవాబిస్తుంది, తొందరపడి మళ్ళీ అడిగితే రెండుసార్లు డబ్బు లాగుతుంది, అందుకని కావాలనే అంతసేపు ఆపారు. ఈ ముక్క వాట్సాప్ గ్రూపులో హీబ్రూలో ఒక వాయిస్ మెసేజ్‌గా ఉంది. వాళ్ళలో ఒకతను దాన్ని వింటూ మాకు ఫోన్‌లో ఇంగ్లిష్‌లో చెప్పాడు.

నిందంతా ఆ అమ్మాయి మీద పడింది. వాష్‌రూమ్‌లో ముఖం కడుక్కుని వచ్చి, ఎర్రబడ్డ కళ్ళతో ఒక్కో బిల్లూ సరిచేస్తూ కూర్చుంది. ఇన్నేళ్ళయినా నాకు ఆ కోపం పోలేదు. అంతకంటే పెద్ద పొరపాటు ఆ తర్వాత జరిగింది. అందరూ సరిగ్గా పోస్టులు పెట్టకపోవడం వల్లే ఇలా అయిందని మేనేజ్‌మెంట్ తేల్చి, టార్గెట్ పెంచింది. వాళ్ళు పోస్టులు లెక్కపెట్టారు. వెతికిన మనిషికి జవాబు దొరుకుతోందా లేదా అని ఒక్కరూ చూడలేదు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఆ ఇంజనీరే చివరికి దారి చూపించాడు. ప్రతి నిర్ణయానికీ మూడు లైన్లు రాయడం మొదలుపెట్టాడు: ఏం నిర్ణయించాం, ఎందుకు, ఎవరిని అడగాలి. ఇంగ్లిష్‌లో, రెండు ఆఫీసులకీ కనిపించే చోట. అతన్ని చూసి మిగతావాళ్ళూ నేర్చుకున్నారు, ఎవరి ఆర్డరూ లేకుండా.

2023 అక్టోబర్‌లో మూడు లక్షలకు పైగా రిజర్విస్టులను పిలిచారన్న వార్త చూసినప్పుడు నాకు ఆ రాత్రే గుర్తొచ్చింది. నీ పక్క సీట్లో మనిషి రేపు ఉండకపోవచ్చు తల్లీ. అతని తలలో ఉన్నది అందరికీ అందేలా చూడటమే నీ ఉద్యోగం. వాట్సాప్ మానెయ్యమని మాత్రం చెప్పకు, మానరు. అక్కడ తేలిన విషయాన్ని సాయంత్రంలోపు ఎవరో ఒకరు మూడు లైన్లలో ఎక్కించాలని ఒప్పించు, చాలు.

క్యాలెండర్ కూడా చూసుకో. అక్కడ చాలా ఆఫీసులు ఆదివారం నుంచి గురువారం దాకా పనిచేస్తాయి. మన శుక్రవారం వాళ్ళకు సెలవు, వాళ్ళ ఆదివారం మనకు సెలవు. కలిసి పనిచేసేది నాలుగు రోజులే. టైమ్ తేడా ఎండాకాలం రెండున్నర గంటలు, చలికాలం మూడున్నర. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి దాకా షబ్బాత్, అంటే యూదుల వారపు విశ్రాంతి, పాటించేవాళ్ళు ఫోన్ ముట్టరు, అప్పుడు మెసేజ్ పెట్టి జవాబు రాలేదని బాధపడకు. సెప్టెంబర్, అక్టోబర్‌లలో వాళ్ళ కొత్త సంవత్సరం, యోమ్ కిప్పూర్, సుక్కోత్ వరసగా వస్తాయి, ఏ పని అడిగినా పండగలయ్యాకే అంటారు. మన దసరా కూడా ఇంచుమించు అప్పుడే. ఆ రోజుల్లో కొత్త టూల్ మొదలుపెడితే రెండు ఆఫీసుల్లోనూ చూసే దిక్కుండదు.

హీబ్రూ కుడి నుంచి ఎడమకు రాస్తారు. అందులో ఇంగ్లిష్ పదం గానీ కంప్యూటర్ కమాండ్ గానీ కలిపితే చుక్కలూ బ్రాకెట్లూ అటూ ఇటూ గెంతుతాయి. టూల్ కొనేముందు అమ్మేవాళ్ళ డెమో చూసి ఊరుకోక, వాళ్ళు నిజంగా రాసుకునే మెసేజ్‌లు వేసి చూడు. కమాండ్ ఎప్పుడూ విడి లైన్‌లో ఉండాలని చెప్పు.

ఏ టూల్ అయినా మన డేటా బయటికి తీసుకునే దారి ఉందా అన్నది ముందు అడుగు. ఐసీక్యూ 1996లో ఆ టెల్ అవీవ్‌లోనే పుట్టింది, ప్రపంచమంతా దాంట్లో చాటింగ్ చేసింది, 2024 జూన్‌లో మూతపడింది. ఆఫీసుల కోసం ఫేస్‌బుక్ కంపెనీ మెటా నడిపిన వర్క్‌ప్లేస్‌ను కూడా ఆపేస్తున్నట్టు అదే ఏడాది ప్రకటించారు. టీమ్ పనులు చూసుకునే టూల్ మండే డాట్ కామ్ కథ తెలుసుకో, అది నీకు పనికొస్తుంది. వెబ్‌సైట్లు కట్టే విక్స్ అనే ఇజ్రాయెల్ కంపెనీలో లోపలి అవసరానికి మొదలైన పనిముట్టు అది. ఎవరు ఏం చేస్తున్నారో తెలియని ఇబ్బందిలోంచి పుట్టింది కాబట్టే నిలబడిందని నా నమ్మకం. నువ్వు కూడా ముందు వాళ్ళ ఇబ్బంది ఏమిటో వెతుకు.

నిన్ను కాస్త కోప్పడాలి కూడా. ఎవరైనా గట్టిగా అంటే గదిలోకి వెళ్ళి తలుపేసుకోవడం చిన్నప్పటి నుంచీ నీకు అలవాటు. అక్కడ కొత్తగా చేరిన కుర్రాడు కూడా డైరెక్టర్ ముఖం మీదే "ఇది తప్పు" అంటాడు, పది నిమిషాలకు ఇద్దరూ కలిసి భోజనానికి వెళ్తారు. అందరూ చూసే ఛానెల్‌లో నీ ప్లాన్ కింద "పనికిరాదు" అని ఒకే మాట రావచ్చు. ఏడవకు. ఎందుకు పనికిరాదో అక్కడే, అందరి ముందే అడుగు. హైదరాబాద్ వాళ్ళు అర్థం కాకపోయినా మీటింగ్‌లో "ఓకే" అంటారు, వాళ్ళ తరఫున కూడా నువ్వే అడగాలి. నీకు చేతనవును. ఆరో తరగతిలో లెక్కల మాస్టారు తప్పు మార్కులు వేస్తే స్టాఫ్ రూమ్‌కి వెళ్ళి వాదించిన పిల్లవి నువ్వు.

మధ్యాహ్నం డెస్క్ దగ్గర ఒంటరిగా తినకు. వాళ్ళతో వెళ్ళు, సగం మాటలు హీబ్రూలో ఉన్నా కూర్చో. తెలంగాణ నుంచి వెళ్ళి అక్కడి వృద్ధులకు సేవ చేస్తూ ఏళ్ళుగా ఉంటున్న మనవాళ్ళు చాలామంది ఉన్నారు, బతుకమ్మ కూడా ఆడతారు. వాళ్ళను కలువు. ఏ బస్సు ఎప్పుడు ఆగిపోతుందో, షెల్టర్ ఎక్కడుందో ఆఫీసు వాళ్ళకంటే వాళ్ళే బాగా చెబుతారు.

నీ మొదటి నెల ప్లాన్ రాశాక నాకు పంపు. పోస్టుల టార్గెట్ ఎక్కడైనా కనిపిస్తే కొట్టేసి వెనక్కి పంపిస్తాను. ఈ ఆదివారం ఇంటికి రా, సామాన్లు సర్దుదాం, కందిపొడి చేసి ఉంచుతాను.

మీ అత్త