పాఠకుల సందేహాలు: రెక్కల చక్రాలు ఎంతవరకు భద్రం?

ప్రశ్న: మూడు కార్బన్ రెక్కలున్న చక్రం కొనాలనుంది. ‘తిరిగే ఫ్యానులో చెయ్యి పెట్టినట్టే, వేళ్లు తెగిపోతాయి’ అని తోటి సైక్లిస్టులు భయపెడుతున్నారు. మామూలు స్పోకుల చక్రం కంటే ఇది నిజంగా అంత ప్రమాదమా?

జవాబు: తిరిగే చక్రంలో చెయ్యి పెడితే స్పోకులున్నా గాయం తప్పదు. కాకపోతే రెక్కల చక్రంలో గాయం తీరు వేరు. చిన్న లెక్క చూడండి. టైరుతో కలిపి చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11.1 మీటర్లు, అంటే చక్రం సెకనుకు 5.3 చుట్లు తిరుగుతుంది. 20 స్పోకుల చక్రమైతే ఒక చోట సెకనుకు 106 స్పోకులు దాటిపోతాయి. ఒకదానికీ మరోదానికీ మధ్య వ్యవధి 9 మిల్లీసెకన్లు. మూడు రెక్కల చక్రంలో దాటేవి 16 మాత్రమే, వ్యవధి 63 మిల్లీసెకన్లు. వేలు సెకనుకు ఒక మీటరు వేగంతో లోపలికి పోతోందనుకుందాం. స్పోకుల చక్రంలో 9 మిల్లీమీటర్లు దూరేసరికే దెబ్బ తగులుతుంది, చాలాసార్లు ఆ దెబ్బే వేలిని బయటికి తోసేస్తుంది. రెక్కల చక్రంలో 6 సెంటీమీటర్లు, అంటే దాదాపు వేలంతా లోపలికి పోయాక గానీ రెక్క రాదు.

వచ్చాక ఏమవుతుందన్నది రెండో తేడా. 2 మి.మీ. స్టీలు స్పోకు వంగుతుంది, మరీ అయితే తెగుతుంది. కార్బన్ రెక్క వంగదు. వేలు రెక్కకీ ఫోర్కుకీ (చక్రాన్ని రెండువైపులా పట్టి ఉంచే కొమ్మలు) మధ్య ఇరుక్కుంటుంది. ఇక్కడ కోసేది అంచు పదును కాదు, వెనక ఉన్న బరువు. మనిషీ సైకిలూ కలిసి 80 కిలోలుంటే ఆ వేగంలో దాదాపు 4,900 జౌల్స్ శక్తి ఆ ఒక్క చోట ఆగాలి.

అయినా రోడ్డు మీద వెళ్తూ సొంత చక్రంలో చెయ్యి పెట్టుకునేవారు ఎవరూ ఉండరు. జాగ్రత్త ఎక్కువ కావలసింది రిపేరు స్టాండు దగ్గర. సైకిలును ఎత్తి నిలబెట్టి, పెడలు చేత్తో తిప్పుతూ, రెండో చేత్తో గుడ్డ పట్టుకుని తుడుస్తుంటారు. అర కిలో రిమ్ము ఒక్కటే అదే వేగంతో తిరుగుతుంటే 30 జౌల్స్ దాకా దాచుకుంటుంది. వేలి ఎముక విరగడానికి అది చాలు. గుడ్డ రెక్కకు చుట్టుకుంటే చెయ్యి దాని వెంటే పోతుంది. కాబట్టి చక్రం పూర్తిగా ఆగాకే తుడవండి, ఆపడానికి బ్రేకు నొక్కండి, అరచేత్తో ఆపొద్దు. ట్రాక్ సైకిళ్లలాంటి ఫిక్స్‌డ్ గేరువైతే ఇంకా జాగ్రత్త: చక్రం తిరుగుతున్నంతసేపూ చైను కూడా తిరుగుతూనే ఉంటుంది, పళ్లచక్రం దగ్గర వేలు పెడితే వెనక్కి లాక్కునే వ్యవధి ఉండదు.

ప్రశ్న: టైమ్ ట్రయల్‌లో వాడనిచ్చే చక్రాన్ని గుంపు రేసులో ఎందుకు వద్దంటారు?

జవాబు: అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య (యూసీఐ) నిబంధన ప్రకారం, అందరూ ఒకేసారి బయల్దేరే రోడ్డు, సైక్లోక్రాస్ (మట్టి, గడ్డి దారుల్లో జరిగే రేసు) పోటీల్లో చక్రానికి కనీసం 12 స్పోకులుండాలి. స్పోకు గుండ్రంగా ఉన్నా, బల్లపరుపుగా ఉన్నా, కోలగా ఉన్నా ఫర్వాలేదు గానీ దాని అడ్డుకోతలో ఏ కొలతా 10 మి.మీ. దాటకూడదు. మూడు, నాలుగు, అయిదు రెక్కల చక్రాలన్నీ ఈ ఒక్క లెక్కతోనే గుంపు రేసు బయట ఉండిపోతాయి. ఒంటరిగా తొక్కే టైమ్ ట్రయల్‌లో పక్కవాడి చెయ్యి గానీ, పెడలు గానీ మీ చక్రంలోకి వచ్చే వీల్లేదు. గుంపులో ఒకరు పడితే వెనక పదిమంది ఒకరి చక్రంలో ఒకరు పడతారు.

సంప్రదాయ స్పోకుల నిర్మాణం లేని చక్రాలకు ఈ సమాఖ్య తెచ్చిన గుద్దుడు పరీక్ష గురించి కూడా తెలుసుకోవాలి. మొదట్లో ఆ పరీక్షలో చూసింది చక్రం విరిగిందా లేదా అన్నది కాదు, ఎలా విరిగిందన్నది. ముక్కలు విడిపోకూడదు, గుచ్చుకునే రంపపు అంచులు తేలకూడదు, హబ్బు (చక్రం నడిమి భాగం) రిమ్ము నుంచి ఊడి చక్రం ఫోర్కులోంచి జారిపోకూడదు. 1990లలో బాగా పేరు తెచ్చుకున్న ఎనిమిది రెక్కల స్పినర్జీ రెవ్-ఎక్స్ గుంపు రేసులకు దూరమైంది. అలాంటి పాత చక్రాలు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. గోడకు తగిలించుకోవడానికైతే కొనండి. అంత వయసున్న జిగురు అతుకు మీద ప్రాణం పెట్టి తొక్కమని మాత్రం మేం చెప్పలేం.

ప్రశ్న: ముందు చక్రం 60 మి.మీ. లోతు రిమ్ముకి మార్చాను. ఎదురుగాలిలో హాయిగా ఉంది. కానీ పక్కగాలి కొడితే హ్యాండిల్ ఒక్కసారిగా లాగేస్తోంది. అలవాటైతే సర్దుకుంటుందా?

జవాబు: కొంత సర్దుకుంటుంది, మొత్తం కాదు. (రిమ్ము లోతంటే టైరు వైపు నుంచి హబ్బు వైపుకి దాని ఎత్తు.) రెక్కల చక్రాలకైనా, లోతు రిమ్ములకైనా అసలు గండం ఇదే. వేళ్ల గురించి భయపడేవాళ్లలో సగంమందైనా దీని గురించి అడిగితే బాగుండును.

గంటకు 36 కి.మీ. వేగంతో వెళ్తుంటే 9 కి.మీ. గాలి సరిగ్గా పక్కనుంచి వీచిందనుకోండి. చక్రానికి తగిలే గాలి ముందునుంచి 14 డిగ్రీలు పక్కకు తిరిగినట్టుంటుంది. అదే గాలి 18 కి.మీ. అయితే కోణం 26 డిగ్రీలు దాటుతుంది. చిన్న కోణాల్లో లోతు రిమ్ము విమానం రెక్కలాగే పనిచేస్తుంది, పక్కబలం క్రమంగా పెరుగుతుంది. ఆ బలం ఎక్కువగా చక్రం ముందు భాగం మీద, హ్యాండిల్ తిరిగే ఇరుసుకు ముందు పడుతుంది. అందుకే చక్రం గాలి తోసే వైపుకి తిరుగుతుంది. కోణం ఒక హద్దు దాటాక రిమ్మును అంటి పారే గాలి తెగిపోతుంది, బలం పడే చోటు ఒక్కసారిగా మారుతుంది. మీరు ‘లాగేస్తోంది’ అంటున్నది ఈ మార్పునే. నిలకడగా వీచే గాలికి ఒంటిని వాల్చి సర్దుకోవచ్చు. తెరలు తెరలుగా వచ్చే గాలితోనే చిక్కు. గోడ దాటగానే, వంతెన ఎక్కగానే, లారీ పక్కనుంచి పోగానే అది తెగి మళ్లీ తగులుతుంది.

వెనక చక్రం సంగతి వేరు. అది హ్యాండిల్‌తో తిరగదు, మన బరువులో ఎక్కువ భాగం దాని మీదే ఉంటుంది. పైగా వెనక పడే పక్కబలం సైకిలును గాలి వైపుకే సర్దుతుంది. కాబట్టి వేగమే కావాలంటే లోతంతా వెనక పెట్టండి, ముందు 35 నుంచి 45 మి.మీ. మధ్య ఉంచండి. 60 కిలోల లోపు బరువున్నవారు ముందు ఇంకా తగ్గించుకోవడం మంచిది. హవాయి దీవుల్లో కోనాలో జరిగే ఐరన్‌మ్యాన్ (ఈత, సైకిలు, పరుగు కలిసిన) ప్రపంచ పోటీకి అక్కడి గాలుల వల్లే వెనక డిస్కు చక్రాన్ని (సందుల్లేకుండా పళ్లెంలా మూసి ఉండేది) కూడా ఒప్పుకోరు.

గాలి కొట్టినప్పుడు చేయాల్సింది: పిడికిళ్లు బిగించొద్దు. బిగిస్తే మీ భుజాల ఊపు కూడా హ్యాండిల్‌కి చేరుతుంది. చేతులు ఏరో బార్ల (ముందుకు వంగి మోచేతులు ఆనించే కడ్డీలు) మీదుంటే వెంటనే బ్రేకులున్న చోటికి తెచ్చుకోండి. మోచేతులు కాస్త వంచి, పెడలు తొక్కుతూనే ఉండండి. ముందు బ్రేకు గట్టిగా నొక్కొద్దు, టైరు పట్టులో ఒక వాటాను పక్కగాలి అప్పటికే వాడేస్తోంది. రోడ్డు అంచుకు ఆనుకుని కాకుండా గాలి తోసే వైపు ఒక మీటరైనా ఖాళీ ఉండేట్టు తొక్కండి.

ప్రశ్న: వాడిన నాలుగు రెక్కల కార్బన్ చక్రం ఒకటి దొరికింది. పైకి బాగానే ఉంది. కొనేముందు ఏమేం చూడాలి?

జవాబు: ముందు టైరు విప్పించండి. టైరుతోనే చూపిస్తానంటే బేరం అక్కడితో ఆపేయండి. రిమ్ము లోపలి గోడ, వాల్వు రంధ్రం చుట్టూ, టైరు అంచు కూర్చునే గట్టు: గోతిలో పడ్డ దెబ్బలు కనిపించేది ఇక్కడే.

తర్వాత తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి ఆరనిచ్చి, టార్చిలైటును ఉపరితలానికి దాదాపు సమాంతరంగా పట్టి చూడండి. ఎదురుగా వెలుగు కొడితే పగుళ్లు కనబడవు, ఏటవాలుగా కొడితేనే గీత నీడ పడుతుంది. రెక్క మొదలు హబ్బును కలిసే చోటు, చివర రిమ్మును కలిసే చోటు, ఈ రెండూ కీలకం. రంగు మీద సన్నటి గీత రెక్క పొడవునా ఉంటే అది గీరుడు కావచ్చు. అతుకును చుట్టి వస్తుంటే అనుమానించండి. తెల్లగా పాలిపోయిన మచ్చ ఉంటే లోపల పొరలు విడిపోతున్నట్టే. తర్వాత దూదిగానీ పాత మేజోడుగానీ తీసుకుని అంచుల వెంబడి మెల్లగా లాగండి, తెగిన పోగులుంటే పట్టుకుంటాయి. చేత్తో తడమొద్దు, కార్బన్ ముల్లు గుచ్చుకుంటే తీయడం కష్టం.

ఇక నాణెంతో తట్టడం. రెక్క మీద రెండేసి సెంటీమీటర్ల దూరంలో తడుతూ వెళ్లండి. గట్టిగా ఉన్నచోట ఖణీమని, పొర విడిచిన చోట మొద్దుగా మోగుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది: కొన్ని రెక్కల్లో లోపల నురుగు నింపుతారు, అవి మొదటినుంచీ మొద్దుగానే మోగుతాయి. అందుకని ఒక రెక్కలో ఒకచోటి శబ్దాన్ని మిగతా మూడు రెక్కల్లో అదేచోటి శబ్దంతో పోల్చండి. మూడు ఒకలా, ఒకటి వేరేలా ఉంటే అదే జబ్బు రెక్క.

చివరగా చక్రాన్ని ఫోర్కులో బిగించి తిప్పండి. స్పోకుల చక్రానికి బెండు తీయొచ్చు, ఒకే ముద్దగా పోసిన రెక్కల చక్రానికి తీయలేం. ఉన్న బెండు శాశ్వతం. అర మిల్లీమీటరు ఊగితే తయారీలోదే అనుకోవచ్చు. 1 మి.మీ. దాటితే మేమైతే కొనం. ఆగిన చక్రాన్ని రిమ్ము దగ్గర పట్టుకుని పక్కలకు ఊపినప్పుడు ‘టిక్’ మంటే ముందు బేరింగు చూడండి. బేరింగు బాగుండీ ఇంకా టిక్కంటుంటే అతుకు వదిలినట్టే. దానికి ఇంట్లో జిగురు పూసి బాగుచేసే మార్గం లేదు.

మీ సొంత చక్రానికి కూడా పెద్ద గోతిలో పడ్డాకా, సైకిలు కింద పడ్డాకా ఇదే పరీక్ష మళ్లీ చేయండి. అల్యూమినియం రిమ్ము సొట్టపడి చెబుతుంది. కార్బన్ పైకి నున్నగానే ఉండి లోపల విడిపోగలదు.

ప్రశ్న: కార్బన్ రిమ్ము, రిమ్ము బ్రేకులు. ఘాట్ రోడ్డు దిగాక కాలిన వాసన వచ్చింది. వాడొచ్చా?

జవాబు: చూసేదాకా వాడొద్దు. 80 కిలోల బరువు 500 మీటర్ల ఎత్తు దిగితే 3,92,000 జౌల్స్ ఎక్కడో ఖర్చవ్వాలి. గాలి తీసుకోగా మిగిలిందంతా బ్రేకు రబ్బర్లకీ, రిమ్ముకీ వేడిగా చేరుతుంది. అల్యూమినియం ఆ వేడిని చుట్టూ పంచేస్తుంది, కార్బన్ పంచదు. రబ్బరు రుద్దిన చోటే రెసిన్ (కార్బన్ పోగులను అంటిపెట్టే జిగురు) మెత్తబడుతుంది, లోపల టైరు గాలి గోడను బయటికి నెడుతుంది. బ్రేకు రబ్బరు రుద్దే పట్టీ దగ్గర రిమ్ము వెడల్పును కాలిపర్‌ (మందం కొలిచే పరికరం)తో ఎనిమిది చోట్ల కొలవండి. ఒకచోట ఉబ్బితే, అలల్లా తగిలితే, రంగు మారితే రిమ్ము పని అయిపోయింది. బాగానే ఉంటే ఇకమీదట కార్బన్‌కని తయారైన రబ్బర్లే వాడండి. అల్యూమినియం రిమ్ము మీద అరిగిన రబ్బర్లను దీనికి మార్చొద్దు, వాటిలో దిగబడ్డ లోహపు రజను కార్బన్‌ను గీస్తుంది. దిగేటప్పుడు సన్నగా నొక్కి పట్టుకుని ఉండకుండా, గట్టిగా కొద్దిసేపు నొక్కి వదలండి.

ప్రశ్న: నా చక్రానికి రెక్కల్లేవు, బల్లపరుపు స్టీలు స్పోకులున్నాయి. వాటికి కూడా ఈ భయాలన్నీ ఉన్నాయా?

జవాబు: లేవు. ఇవి మామూలు స్పోకులే, మధ్యలో నొక్కి సాగదీసినవి: సుమారు 2.2 మి.మీ. వెడల్పు, 0.9 మి.మీ. మందం. మంచి రకాలైతే గుండ్రటి వాటికంటే ఎక్కువకాలం మన్నుతాయి కూడా. ఇబ్బందల్లా బెండు తీసేటప్పుడే. నిప్పిల్ (రిమ్ము దగ్గర స్పోకును బిగించే చిన్న నట్టు) తిప్పితే స్పోకు కూడా మెలితిరుగుతుంది. మెలితిరిగింది అడ్డంగా నిలబడి గాలిని కోయాల్సింది పోయి ఆపుతుంది, తొక్కేటప్పుడు మెలిక విడిపోయి చక్రం మళ్లీ బెండు వస్తుంది. చీలిక ఉన్న పట్టుకారుతో నిప్పిల్‌కి దగ్గరగా స్పోకును పట్టుకుని, రెండో చేత్తో కీని పావు చుట్టు చొప్పున తిప్పండి. ఇంకా వెడల్పు రకాలు మామూలు హబ్బు రంధ్రంలో దూరవు, చీలికలున్న హబ్బు కావాలి. ఆకురాయితో రంధ్రాన్ని మీరే కోయొద్దు, హబ్బు అంచు అక్కడే చీలుతుంది.

ప్రశ్న: రెక్కల చక్రమున్న సైకిలుకి వెనక పిల్లల సీటు బిగించొచ్చా? స్పీడు మీటరు అయస్కాంతం ఎక్కడ పెట్టాలి?

జవాబు: సీటు వద్దు. పిల్లల పాదం సరిగ్గా ఆ పెద్ద సందుల ఎత్తులోనే వేలాడుతుంది, పాదానికి కాపు ఉన్నా సరే. అయస్కాంతాన్ని రెక్కకు టేపుతో అంటించొద్దు, ఊడితే ఫోర్కుకీ రెక్కకీ మధ్య పడుతుంది. హబ్బుకు చుట్టే సెన్సరు వాడండి, దానికి అయస్కాంతమే అక్కర్లేదు.