బోనులోంచి తెచ్చిన లేయర్ పెట్టలు మేత ముట్టడం లేదు.. ఏం చేయాలి?

ప్రశ్న: మా ఊరి దగ్గర గుడ్ల కోళ్ల (లేయర్) ఫారంలో పాత బ్యాచ్ తీసేస్తుంటే, కోతకు పోనివ్వడం ఇష్టం లేక ఆరు తెల్ల పెట్టలను ఇంటికి తెచ్చుకున్నాం. వయసు 78 వారాలు అన్నారు. వచ్చి నాలుగు రోజులైంది. మెడ మీద, వెన్ను మీద ఈకల్లేవు. ఎప్పుడూ ఒక మూలనే గుంపుగా నిలబడుతున్నాయి. నూకలు చల్లితే పొడుస్తున్నాయి గానీ తింటున్నట్టు లేదు. ఒకటి కుంటుతోంది. నిన్న ఒకటి పెంకు లేని తోలు గుడ్డు పెట్టింది. పెరట్లో మాకు ఎనిమిది నాటు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. వీటిని వాటితో వదిలేయవచ్చా? ఫారం కోళ్లను పెంచడం మాకిదే మొదటిసారి.
– ఒక మహిళా రైతు, షాద్‌నగర్ ప్రాంతం

జవాబు: ఇప్పుడే నాటు కోళ్లతో కలపకండి. నెల రోజులు వేరుగా ఉంచండి. ఫారం పెట్టలకు కొక్కెర తెగులు టీకాలు చిన్నప్పటి నుంచి పలుమార్లు పడి ఉంటాయి. అందువల్ల వాటికి జబ్బు కనిపించదు, కానీ వైరస్ గొంతులో, రెట్టలో ఉండొచ్చు. టీకా పడని మీ నాటు కోళ్లకు అది సోకితే వారం తిరక్కుండానే పెరడు ఖాళీ అవుతుంది. అటు నుంచి ఇటూ ప్రమాదం ఉంది. నాటు కోళ్ల రెట్టలో ఉండే నట్టల గుడ్లు, రక్త పారుడు కలిగించే కాక్సీడియా క్రిములు ఈ పెట్టలకు పూర్తిగా కొత్త. తీగల మీద పెరిగి, సొంత రెట్టను కూడా తొక్కని కోడికి వాటిని తట్టుకునే శక్తి పెద్దగా ఉండదు. కాబట్టి రోజూ ముందు నాటు కోళ్ల పని చూసుకుని, ఆ తర్వాతే కొత్తవాటి దగ్గరకు వెళ్లండి. అక్కడికి వేరే చెప్పులు పెట్టుకోండి. ఈలోగా నాటు కోళ్లకు నట్టల మందు తాగించి, వారం తర్వాత మీ పశువైద్యశాలలో కొక్కెర తెగులు టీకా వేయించండి. రోగనిరోధక శక్తి రావడానికి రెండు వారాలు పడుతుంది.

ఇంకో మాట. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల లేయర్ ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. మీరు తెచ్చిన ఫారంలో ఈ మధ్య ఉన్నట్టుండి ఎక్కువ కోళ్లు చనిపోయాయా అని అడిగి తెలుసుకోండి. మీ దగ్గర ఒకేసారి రెండు మూడు చనిపోతే కోసి చూడకండి, పారేయకండి. పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి.

ఇక మేత సంగతి. నూకలు తినకపోవడం మొండితనం కాదు. ఒక పెట్టను చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గరగా చూడండి. పై ముక్కు మొద్దుగా, కింది ముక్కు కంటే పొట్టిగా ఉంటుంది. ఒకదాన్నొకటి పొడుచుకోకుండా ఫారంలో చిన్నప్పుడే ముక్కు కత్తిరిస్తారు. నాటు కోడి ముక్కు పట్టకారులా గింజను పట్టుకుంటుంది. దీని ముక్కుకు ఆ పట్టు దొరకదు. గచ్చు మీద ఒక్క నూకను నాలుగైదు సార్లు పొడుస్తుంది, అది ప్రతిసారీ జారిపోతుంది. పైగా పుట్టినప్పటి నుంచి దానికి మేత అంటే పొడవాటి తొట్టిలో పొడి దాణా, నీళ్లు అంటే పైపుకున్న నిపుల్‌ను పొడిస్తే పడే చుక్కలు. నేల మీద చల్లింది తిండి అని, గిన్నెలో ఉన్నవి నీళ్లు అని దానికి తెలియదు.

అందుకని ఫారంలో తిన్న పొడి దాణా, అంటే లేయర్ మాష్‌నే తెప్పించండి. వెడల్పాటి తొట్టిలో మూడు అంగుళాల లోతు ఉండేలా పోయండి. లోతు ఉంటే మొద్దు ముక్కుతోనైనా తోడుకుని తింటుంది. తొట్టి అంచు కోడి వీపు ఎత్తుకు ఉంటే కాళ్లతో చిమ్మదు. పెట్టకు రోజుకు 110 గ్రాముల చొప్పున ఆరింటికి 660 గ్రాములు, అంటే నెలకు సుమారు 20 కిలోలు కావాలి. 50 కిలోల బస్తా కొంటే రెండు నెలలకు పైగా వస్తుంది, ఈలోగా వానాకాలంలో బూజు పడుతుంది. 20 కిలోలు విడిగా కొనుక్కోవడమే మేలు. తినడం మొదలుపెట్టకపోతే మాష్‌ను కొద్దిగా నీటితో తడిపి ముద్దగా పెట్టండి, గంటలో మిగిలింది తీసేయండి. నీళ్లకు బరువైన మట్టి మూకుడు చాలు. ఒక్కో పెట్టనూ పట్టుకుని ముక్కు కొసను రెండు సార్లు నీళ్లలో ముంచండి. ఒకటి నేర్చుకుంటే మిగతావి దాన్ని చూసి తాగుతాయి. మామూలు రోజుల్లో పెట్ట పావు లీటరు దాకా తాగుతుంది, ఎండాకాలంలో అంతకు రెట్టింపు. మొదటి మూడు నాలుగు రోజులు నీళ్లలో ఎలక్ట్రోలైట్ పొడి, బి విటమిన్లు కలపవచ్చు.

జాలిపడి అన్నం, నూకలు, సజ్జలు పెట్టడమే ఈ కోళ్ల విషయంలో జరిగే పెద్ద పొరపాటు. నూకల్లో మాంసకృత్తులు దాదాపు 8 శాతం, కాల్షియం లేనట్టే లెక్క. లేయర్ మాష్‌లో మాంసకృత్తులు 16 నుంచి 18 శాతం, కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉంటాయి. ఒక్క గుడ్డు పెంకులో సుమారు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. మేతలో అది అందకపోయినా పెట్ట వెంటనే గుడ్డు ఆపదు. తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది. ఏడాదికి పైగా బోనులో కదలకుండా 300కు పైగా గుడ్లు పెట్టిన పెట్ట ఎముకలు అసలే పుల్లల్లా ఉంటాయి. మీరు చెప్పిన తోలు గుడ్డు, కుంటు వేర్వేరు సమస్యలు కాకపోవచ్చు. నాలుగు రోజులుగా కాల్షియం అందకపోవడమే రెండింటికీ మూలం అయ్యుండొచ్చు.

వేరే చిప్పలో ఆల్చిప్పల ముక్కలు (షెల్ గ్రిట్) ఎప్పుడూ ఉంచండి. పెంకు ఎక్కువగా రాత్రిపూటే తయారవుతుంది కాబట్టి సాయంత్రం పూట తప్పకుండా అందుబాటులో ఉండాలి. కావాల్సినంత అవే తింటాయి. ఇది కాక, కంది గింజంత గరుకు గులకలు కొన్ని వేరుగా పెట్టండి. పొడి దాణా మీదే బతికిన కోడి కందనకాయ బలహీనంగా ఉంటుంది. ఆకు, గింజ నలగాలంటే దానికి రాళ్లు కావాలి.

కుంటే పెట్టను కాళ్లు పట్టి తలకిందులుగా ఎత్తకండి, ఆ ఊపుకే తొడ ఎముక విరగవచ్చు. రెండు చేతులతో రెక్కలను ఒంటికి అదిమి, కింద అరచేయి ఆన్చి ఎత్తండి. కాలిని మెల్లగా తడిమి చూడండి. ఎక్కడైనా వాపు, వేడి, కటకటమనే కదలిక ఉంటే విరిగినట్టే, పశువైద్యుడికి చూపించాలి. అవేవీ లేకుండా నీరసంగా కూలబడుతుంటే అట్టపెట్టెలో నాలుగు అంగుళాల ఊక పోసి అందులో కూర్చోబెట్టి, దాణా, నీళ్లు ముక్కుకు అందేలా పెట్టండి. డి3 కలిసిన ద్రవ కాల్షియం డాక్టరు చెప్పిన మోతాదులో ఇవ్వండి. కాల్షియం తగ్గి కాళ్లు పడిపోయే బోను పక్షవాతం అయితే చాలావరకు వారం పది రోజుల్లో లేచి నిలబడతాయి. గోళ్లు కూడా చూడండి. తీగల మీద అరగక పొడవై వంకర తిరిగి ఉంటాయి. వెలుతురుకు ఎదురుగా పెడితే తెల్ల గోటి లోపల గులాబీ రంగు రక్తనాళం కనిపిస్తుంది. దానికి పావు అంగుళం ఇవతలే నెయిల్ కట్టర్‌తో కత్తిరించాలి.

మూలన గుంపుగా నిలబడటం మామూలే. పెట్టకు కనీసం 550 చదరపు సెంటీమీటర్ల చోటు ఉండాలని 2023లో కేంద్రం నిబంధన తెచ్చింది. అది ఏ4 కాగితమంత కూడా కాదు. చాలా బోనుల్లో ఆ మాత్రమూ ఉండేది కాదు. అలాంటి పక్షిని ఒక్కసారిగా పెరట్లో వదిలితే బెదిరిపోతుంది. మొదటి వారం 18 నుంచి 20 చదరపు అడుగుల గూడు చాలు. నేల మీద మూడు అంగుళాల ఊక పరచండి. కిటికీలకు, తలుపుకు అరంగుళం కన్ను ఉన్న వెల్డ్ మెష్ కొట్టండి. ముంగిస, పిల్లి, పాము ఏవైనా ఈ పెట్టలకు ప్రమాదం అని తెలియదు, పారిపోవు. రెండో వారం నుంచి సాయంత్రం నీడ పడ్డాక, నాటు కోళ్లు తిరగని చోట అరగంట బయటకు వదిలి, రోజూ కొంత పెంచుతూ పోండి. ఈకల్లేని వెన్ను మీద మిట్టమధ్యాహ్నం ఎండ పడితే చర్మం కమిలిపోతుంది. చీకటి పడితే గూటికి పోవాలని కూడా వాటికి తెలియదు, ఎక్కడున్నవి అక్కడే కూర్చుంటాయి. వారం పది రోజులు మీరే ఎత్తి లోపల పెట్టాలి.

కూర్చునే కర్ర మొదట్లోనే పెట్టకండి. మూడో వారంలో, నేలకు అడుగు ఎత్తులోనే, రెండు అంగుళాల వెడల్పుతో అంచులు నున్నగా చెక్కిన కర్ర కట్టండి. అంతకంటే ఎత్తు నుంచి దూకితే రొమ్ము ఎముక చిట్లవచ్చు. గుడ్ల కోసం అడుగు చదరపు చెక్కపెట్టెలు రెండు, చీకటిగా ఉన్న వైపు గడ్డి వేసి పెట్టండి. ఒక్కోదాంట్లో ఉత్తుత్తి గుడ్డు ఒకటి ఉంచితే త్వరగా అలవాటవుతాయి. పాత టబ్బులో ఇసుక, మెత్తని మట్టి, కాస్త బూడిద కలిపి పెట్టండి. ముక్కు తెగినందువల్ల పేలను ఏరుకోలేవు, ఈ మట్టి స్నానమే వాటికి ఆధారం. మొదటిసారి అందులో పడి రెక్కలు కొట్టుకుంటుంటే ఫిట్స్ వచ్చిందని కంగారు పడకండి!

ఫారంలో రోజుకు 16 గంటలు వెలుతురు ఉండేది. మీ ఇంట్లో అది తగ్గగానే కొన్ని వారాల్లో గుడ్లు ఆపి, పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుగుతాయి. రెండు మూడు నెలలు గుడ్లు రాకపోవచ్చు. లైటు వేసి బలవంతంగా పెట్టించకండి, ఆ ఎముకలు కోలుకోవడానికి దొరికే వ్యవధి అదొక్కటే. ఈకంతా మాంసకృత్తులే కాబట్టి అప్పుడూ మాష్ తగ్గించకూడదు. నెల దాటాక సాయంత్రం ఒక్కో పెట్టకు గుప్పెడులో సగం నూకలు, మునగాకు, తోటకూర ఇవ్వవచ్చు. ఆకును కట్టగా కట్టి మెడ ఎత్తుకు వేలాడదీయండి. విడి ఆకు మొద్దు ముక్కుకు చిక్కదు, కట్ట అయితే లాగి తుంచుకుంటుంది. పాలిపోయి ఒక పక్కకు వాలిన తలమీది తురాయి మెల్లగా ఎర్రబారుతుంటే కోలుకుంటున్నట్టే.

వచ్చిన రోజునే నట్టల మందు వేయడం కొందరు చేస్తారు. నీరసంగా ఉన్నప్పుడు అది మంచిది కాదు, నాలుగో వారంలో వేయించండి, తర్వాత మూడు నెలలకోసారి. రెట్టలో రక్తం కనిపిస్తే మాత్రం ఆగకూడదు. 20 శాతం అంప్రోలియం పొడి లీటరు నీటికి 1.2 గ్రాముల చొప్పున కలిపి 5 నుంచి 7 రోజులు అవే నీళ్లు తాగించండి. ఫారంలో చివరిగా ఏ మందులు వాడారో తెలియకపోతే మొదటి రెండు వారాల గుడ్లు తినకండి.

ఎంత చేసినా ఒకటి రెండు దక్కకపోవచ్చు. పొట్ట నీళ్ల సంచిలా ఉబ్బి, ఒళ్లు నిటారుగా ఎత్తి అడుగులో అడుగు వేస్తుంటే గుడ్డు సొన పొట్టలో పడి చీము పట్టి ఉండొచ్చు. అది మీ పెంపకంలో లోపం కాదు, ఇన్ని గుడ్లు పెట్టిన శరీరానికి వచ్చే జబ్బు. నొప్పితో ఈడ్చనివ్వకుండా వెంటనే డాక్టరుకు చూపించండి. గుదం బయటకు వచ్చిన పెట్టను ఆ క్షణమే వేరు చేయాలి. ఎర్రగా కనిపిస్తే మిగతావి పొడిచి చంపేస్తాయి. చిన్న గాయాలకు జెన్షియన్ వయొలెట్ పూస్తే ఎరుపు కనిపించకుండా ఉంటుంది.

నెల దాటాక రెండు గుంపుల మధ్య మెష్ కట్టి వారం రోజులు ఒకదాన్నొకటి చూసుకోనివ్వండి. తర్వాత సాయంత్రం పెరట్లో, ఎటైనా తప్పుకునే చోటు ఉన్నచోట కలపండి. దాణా తొట్లు, నీళ్ల మూకుళ్లు రెండేసి, దూరదూరంగా ఉండాలి. లేకపోతే నాటు పెట్టలు వీటిని తొట్టి దగ్గరకు రానివ్వవు. పుంజును మాత్రం వెన్ను మీద ఈకలు పూర్తిగా నిండేదాకా వాటి మధ్యకు వదలకండి.