ఇళ్లకు పరిమితి వస్తుందంటున్నారు, స్థలం కొనాలా?

ప్రశ్న: మేముండే శివారు పట్టణంలో ఏటా ఇన్ని కొత్త ఇళ్లకే పర్మిట్ ఇవ్వాలని చర్చ నడుస్తోంది. రూల్ వస్తే రేట్లు ఎగిరిపోతాయి, ఇప్పుడే స్థలం కొనమని స్నేహితులు అంటున్నారు. మాకు ఇక్కడే సొంత ఇల్లుంది. రిటైర్మెంట్‌ కోసం దాచినదాంట్లో సగం తీసి కొనవచ్చా?

జవాబు: ఆ డబ్బు మాత్రం కదపకండి. మీ స్నేహితులు చెప్పింది పూర్తిగా తప్పేమీ కాదు. కాకపోతే అది ఇళ్లకు వర్తించే మాట, మీరు కొనబోతున్నది స్థలం. కొత్త ఇళ్లు తగ్గితే ఉన్న ఇళ్ల కోసమే పోటీ పడతారు కాబట్టి వాటికి గిరాకీ పెరగొచ్చు. ఆ లాభం వస్తే మీ ఇంటికి ఎలాగూ వస్తుంది. ఖాళీ స్థలం విలువంతా రేపు అక్కడ ఇల్లు కట్టుకోవచ్చన్న ఆశలోనే ఉంటుంది. పర్మిట్ రాకపోతే గడ్డి మొలుస్తుంది, పన్ను మాత్రం ఏటా కట్టాలి.

న్యూయార్క్ రాష్ట్రంలోని రామాపో పట్టణం 1969లో ఇలాంటి రూలే తెచ్చింది. డ్రైనేజీ, రోడ్లు, పార్కులు, ఫైర్ స్టేషన్ ఎంత దగ్గర్లో ఉన్నాయో చూసి స్థలానికి మార్కులు వేసేవారు. మార్కులు చాలకపోతే ఆగాల్సిందే. ఆ వసతులన్నీ కల్పించడానికి పట్టణం వేసుకున్న ప్లాన్ 18 ఏళ్లది! 1972లో రాష్ట్ర అత్యున్నత కోర్టు కూడా ఆ రూల్‌ని సమర్థించింది. ఏటా 8 శాతం వచ్చేచోట పెట్టిన డబ్బు 18 ఏళ్లలో దాదాపు నాలుగింతలవుతుంది. అన్నేళ్లు ఆగాల్సి వస్తే మీ స్థలం అంతకు మించి పెరగాలి, కట్టిన పన్నులు కూడా రాబట్టాలి కదా.

పైగా రూల్ వచ్చినంత మాత్రాన నిలబడుతుందనీ లేదు. కాలిఫోర్నియాలోని పెటలూమా 1972లో ఏడాదికి 500 ఇళ్లని గీత గీసింది. 1974లో కోర్టు చెల్లదంది, 1975లో పై కోర్టు చెల్లుతుందంది. 1976లో అమెరికా సుప్రీంకోర్టు కేసు వినడానికి ఒప్పుకోకపోవడంతో పై కోర్టు మాటే నిలిచి గొడవ తేలింది. రిటైర్మెంట్ డబ్బు అందులో ఇరుక్కుంటే ఆ నాలుగేళ్లూ ఎంత టెన్షనో ఊహించుకోండి.

మీ ఊళ్లో రాబోయే రూల్ ముసాయిదా దొరికితే తెచ్చుకోండి. ట్రాఫిక్, చెట్లు, ఊరి అందం గురించి రాసిన పేజీలు తర్వాత తీరిగ్గా చదవొచ్చు. మినహాయింపులు ఎవరికో రాసిన క్లాజు ముందు వెతకండి, నేనైతే అక్కడే మొదలుపెడతాను. పెటలూమాలో నాలుగిళ్ల వరకు ఉన్న ప్రాజెక్టులకు ఆ పరిమితి వర్తించలేదు. మీ ఊళ్లోనూ అలాంటిది ఉంటే ఒక ఇల్లు కట్టుకునేవాళ్లకు భయం లేదు. అయితే పక్క స్థలాలవాళ్లకూ అదే వెసులుబాటు ఉంటుంది కాబట్టి మీ స్నేహితులు చెప్పే కొరత అంతగా ఉండదు. మినహాయింపు లేదంటే, మీ స్థలానికి క్యూలో నంబర్ ఎప్పుడొస్తుందో అమ్మేవాళ్లను కాదు, ప్లానింగ్ ఆఫీసువాళ్లను అడగండి.

అప్పటికీ కొనాలనిపిస్తే, రిటైర్మెంట్ సొమ్ము ముట్టకుండా, పదేళ్లు తిరిగి చూడనక్కర్లేని మిగులు ఉంటేనే కొనండి. అదీ కౌన్సిల్‌లో ఓటింగ్ అయ్యాకే.