కరువు తట్టుకునే తోట సరే, కరువు తట్టుకునే డబ్బు ఏది?

ఈసారి ఒక్క ప్రశ్నకే జవాబు రాస్తున్నా, ఎందుకంటే ఇలాంటి ప్లానే వేసుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు, అందరూ ఒకే చోట తప్పు చేస్తున్నారు. అడిగినాయన పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు.

విషయం ఇది. హైదరాబాద్‌లో ప్రైవేట్ ఉద్యోగం, వయసు 41, చేతికొచ్చే జీతం లక్షా పదివేలు, అద్దె, స్కూల్ ఫీజులు అన్నీ కలిపి ఇంటి ఖర్చు 62 వేలు. భార్య, తొమ్మిదో క్లాసు బాబు, ఐదో క్లాసు పాప, 66 ఏళ్ళ అమ్మగారు, ఆవిడకి బీపీ, షుగర్ ఉన్నాయి. 2022లో కదిరి వైపు ఒక ఎకరం కొన్నారు. అందులో 1200 చదరపు అడుగుల ఇల్లు, పైన సోలార్, కింద వాన నీళ్ళ సంపు, చుట్టూ 70 మొక్కల తోట, ఒక ఆవు. మొత్తం 38 లక్షలు అవుతుందట. డబ్బు ఎలాగంటే ఎఫ్‌డీ 9 లక్షలు, మ్యూచువల్ ఫండ్స్ అమ్మితే 6 లక్షలు, పర్సనల్ లోన్ 12 లక్షలు, భార్య నగల మీద గోల్డ్ లోన్ 5 లక్షలు, మిగిలిన 6 లక్షలు తెలిసినాయన దగ్గర ప్రోనోటు మీద నూటికి రెండు రూపాయల వడ్డీకి. రెండేళ్ళ తర్వాత ఉద్యోగం మానేసి అక్కడే ఉండిపోతారు. "అక్కడ కరెంటు మనదే, నీళ్ళు మనవే, కూరగాయలు మనవే, ఖర్చేం ఉంటుంది సార్, ఈ మూడు అప్పుల్లో ముందు ఏది తీసుకుంటే మంచిది" అని అడిగారు.

ఏదీ వద్దండీ. మూడూ వద్దు. ముందు ఈ మాట చెప్పేసి తర్వాత ఎందుకో చెప్తా.

మీ లెక్కే మీ ముందు పెడతాను చూడండి. 12 లక్షల పర్సనల్ లోన్ 14 శాతానికి ఐదేళ్ళకి తీసుకుంటే ఈఎంఐ దాదాపు 28 వేలు. ప్రోనోటు మీద 6 లక్షలకి వడ్డీ నెలకి 12 వేలు, అసలు ఒక్క రూపాయి కూడా తగ్గదు. గోల్డ్ లోన్ 10 శాతం అనుకున్నా నెలకి నాలుగు వేల పైన. మొత్తం 44 వేలు. ఇంటి ఖర్చు 62 వేలు తీసేస్తే మీకు మిగిలేది 48 వేలు, అంటే చేతిలో నాలుగు వేలు కూడా ఉండవు, అప్పటికి ఎఫ్‌డీ లేదు, ఫండ్స్ లేవు. ఆ నెల అమ్మగారికి షుగర్ ఎక్కువై రెండ్రోజులు హాస్పిటల్లో ఉంటే కంపెనీ పాలసీ ఉంది కదా అంటారు, సరే, పాలసీలో రాని ఖర్చులు, మీ రానుపోను, పిల్లల ట్రిప్ ఫీజు, అన్నీ ఆ నాలుగు వేల్లోంచే రావాలి.

ఇంకా అసలు సంగతి రెండేళ్ళ తర్వాత. మీరు రిజైన్ చేద్దామనుకున్న రోజుకి పర్సనల్ లోన్‌లో ఇంకా 8 లక్షల 17 వేలు బాకీ ఉంటుంది, ప్రోనోటు 6 లక్షలు అలాగే ఉంటుంది, నగల మీద 5 లక్షలు అలాగే ఉంటుంది. 19 లక్షల అప్పుతో, జీతం లేకుండా, కదిరిలో. వడ్డీకి అప్పిచ్చినాయనకి మీ సోలార్ కరెంటు పంపిస్తే ఊరుకోడు కదండీ, ఆయనకి నెల తిరిగేసరికి క్యాష్ కావాలి. సొంతంగా బతకడం అంటే బిల్లులు తగ్గడం అనుకుంటున్నారు అందరూ, నిజమే, బిల్లులు తగ్గుతాయి, కానీ ఫీజులు, మందులు, బండి, ఫోన్లు, పెళ్ళిళ్ళకి పెట్టుపోతలు ఇవేవీ తోటలో పండవు. అక్కడ నెలకి ఎంత కావాలో మీ మెయిల్‌లో ఎక్కడా లేదు, నాకు అన్నిటికంటే భయం వేసింది అక్కడే.

మీరు పంపిన ఎస్టిమేట్ కాగితం కూడా చదివాను, మేస్త్రీ గారు తెల్ల కాగితం మీద రాసిచ్చింది. పునాది, గోడలు, స్లాబ్, టైల్స్ బాగానే రాశారు. కింద ఒక లైన్, "బోరు, మోటార్ – 1,50,000". అంతే. ఒక్క బోరు. అది కూడా నీళ్ళు పడతాయనే లెక్కలో. అనంతపురం, కదిరి వైపు బోరు బండి ఎప్పుడైనా దగ్గరుండి చూశారా? దిగిన రాడ్లు లెక్కపెట్టుకుంటూ అడుగులు రాసుకుంటారు, లోతుకి వెళ్ళేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది, ఆరొందల అడుగుల దగ్గర ఇంకా తెల్ల దుమ్మే వస్తుంటే "ఇంకో వంద వేద్దామా అన్నా" అని అడుగుతారు, అప్పటికి రాత్రి పదకొండు అయి ఉంటుంది, పక్కన బంధువులు నిలబడి ఉంటారు, వద్దు అనే ధైర్యం ఎవరికీ ఉండదు. నీళ్ళు పడకపోయినా బిల్లు అడుగుల లెక్కే. రెండో బోరు వేయాల్సి వస్తే ఆ డబ్బు మీ ప్లాన్‌లో ఎక్కడుంది? ఎక్కడా లేదు, మళ్ళీ ఆ ప్రోనోటు ఆయన దగ్గరికే వెళ్తారు. ఈ జిల్లాల్లో రైతులు మునిగింది చాలావరకు ఇలాగే, బోరు మీద బోరు, అప్పు మీద అప్పు. వాళ్ళకి వేరే దారి లేదు, మీకు జీతం ఉంది, మీరెందుకు ఆ దారిలోకి వెళ్ళాలి? ఇంకోటి, నీళ్ళు, భూమి, చెట్లు కాపాడడానికి పెట్టిన వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, బోరుకి పర్మిషన్ తీసుకోవాలి, అది కూడా ముందే చూసుకోండి.

వాన నీళ్ళ మీదే నడుపుతాం అంటారా, ఆ లెక్క కూడా వేద్దాం. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటర్ వాన పడితే లీటరు నీళ్ళు. మీ 1200 అడుగుల స్లాబ్ అంటే 111 చదరపు మీటర్లు. ఆ ప్రాంతంలో సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ. కారిపోయింది, మొదటి వాన వదిలేసింది పోగా 80 శాతం పట్టుకున్నారనుకోండి, 49 వేల లీటర్లు వస్తాయి. ఇంట్లో ఐదుగురు, మనిషికి రోజుకి వంద లీటర్లు వేసుకుంటే రోజుకి 500, అంటే ఏడాది వాన మొత్తం కలిపి వంద రోజులకి కూడా రాదు. 350 మిల్లీమీటర్లే పడ్డ ఏడాదైతే 31 వేల లీటర్లే, రెండు నెలలకి సరి. ఇక తోటకి ఏముంటుంది? కొత్త మొక్కలు 70, ఒక్కోదానికి 15 లీటర్లు, వారానికి రెండుసార్లు పోయాలన్నా ఫిబ్రవరి నుంచి మే దాకా 33 వేల లీటర్ల పైన కావాలి. ట్యాంకర్ తెప్పించాలి, ఎండాకాలం ట్యాంకర్ వాళ్ళు చెప్పిందే రేటు.

అందుకే నేను ఎప్పుడూ చెప్పేది మళ్ళీ చెప్తున్నా, ఎమర్జెన్సీ ఫండ్. మీ ఎఫ్‌డీ 9 లక్షలు ఉంది చూశారా, దాన్ని ఇల్లు కట్టే డబ్బు అనుకోవడమే మీ ప్లాన్‌లో మొదటి తప్పు. మామూలు జీతగాళ్ళకి ఆరు నెలల ఖర్చు చాలంటాను, ఉద్యోగం వదిలేద్దామనుకునేవాళ్ళకి పన్నెండు నెలలకి తగ్గకూడదు. మీకు 62 వేలు ఇంటూ 12, ఏడు లక్షల 44 వేలు. మిగిలిన లక్షన్నర తోట కోసం వేరే పెట్టండి, మోటార్ కాలితే వైండింగ్‌కి, ట్యాంకర్‌కి, ఎండిపోయిన మొక్కల చోట కొత్తవి నాటడానికి, ఇన్వర్టర్ బ్యాటరీకి. అంటే మీ 9 లక్షలు అక్కడికక్కడే అయిపోయాయి, ఇంటికి ఒక్క రూపాయి కూడా లేదు. కష్టంగా ఉంటుంది వినడానికి, నాకు తెలుసు. కానీ కరువు ఏడాది ఏమవుతుందంటే అన్నీ ఒకేసారి వస్తాయి, బోరు తగ్గుతుంది, గడ్డి రేటు పెరుగుతుంది, ఆవుని అమ్ముదామంటే కొనేవాడుండడు, ఊళ్ళో ఎవరిని చేబదులు అడిగినా వాళ్ళ పరిస్థితీ అదే. హైదరాబాద్‌లో ఉండగా కష్టం వస్తే నలుగురు ఫ్రెండ్స్ దగ్గర దొరుకుతుంది, అక్కడ మీ కష్టం ఊరందరి కష్టంతో కలిసి వస్తుంది. ఆ రోజు చేతిలో మీ సొంత డబ్బే ఉండాలి.

హెల్త్ పాలసీ కూడా ఇందులో భాగమే. కంపెనీ పాలసీ మీరు మానేసిన రోజే పోతుంది, అమ్మగారికి అప్పటికి 68. ఉన్న జబ్బులకి వెయిటింగ్ పీరియడ్, అంటే వాటికి క్లెయిమ్ ఇవ్వని గడువు, మూడేళ్ళ దాకా ఉండొచ్చు, అందుకని అది ఉద్యోగంలో ఉండగానే నడిచిపోవాలి. అమ్మగారికి విడిగా ఒకటి, మీ నలుగురికి ఒకటి, ఈ నెలలోనే అప్లై చేయండి, షుగర్, బీపీ దాచకుండా రాయండి, దాస్తే క్లెయిమ్ దగ్గర ఇరుక్కుంటారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు, ఇంకా ఎందుకు ఆగడం. టర్మ్ పాలసీ ఉందో లేదో రాయలేదు, లేకపోతే అది కూడా.

ఇక అప్పుల సంగతి, ఒక్కసారి గట్టిగా చెప్పనివ్వండి. బ్యాంకు హోమ్ లోన్ ఎందుకు ఇవ్వలేదు? మీరే రాశారు, వ్యవసాయ భూమి, ఇల్లు కట్టుకునేలా మార్పించిన కన్వర్షన్ లేదు, ప్లాన్ అప్రూవల్ లేదు అన్నారని. హోమ్ లోన్ దొరకలేదు కాబట్టి పర్సనల్ లోన్ అంటున్నారు. బ్యాంకు వద్దన్నది మీ ఇంటి మీద కోపంతో కాదు, రేపు ఆ ఇల్లు అమ్మాల్సి వస్తే కొనేవాడికి కూడా లోన్ రాదు, మీకు సరైన రేటు రాదు. ఆ కాగితాలు సరిచేసుకోవాల్సింది పోయి డబుల్ వడ్డీకి అప్పు చేసి కడతారా? గోల్డ్ లోన్ చాలావరకు ఏడాదికే, ఏటా వడ్డీ కట్టి తిప్పుకుంటూ పోతారు, ఒక ఏడాది కట్టలేకపోతే వేలం నోటీస్ వచ్చేది మీ ఆవిడ నగలకి. ఆవిడని అడిగారా అసలు? మెయిల్‌లో ఆవిడ మాట ఒక్కటి కూడా లేదు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, రెండేళ్ళలో 2 లక్షల 88 వేలు వడ్డీకే పోతుంది, మన దగ్గర "రెండు రూపాయలే కదా" అనుకోవడం ఎప్పుడు పోతుందో నాకర్థం కాదు.

ఫండ్స్ ముట్టుకోవద్దు, బాబు ఇంజినీరింగ్ నాలుగేళ్ళలో ఉంది. పీఎఫ్ గురించి అడగలేదు, అడక్కండి కూడా. సోలార్‌కి కేంద్రం వాళ్ళ పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78 వేల సబ్సిడీ ఉంది, కానీ అది ప్యానెల్స్ పెట్టించి డిస్కం, అంటే కరెంటు కంపెనీ, మీటర్ మార్చాక అకౌంట్‌లో పడుతుంది, ముందు మొత్తం మీరే పెట్టాలి, పైగా బ్యాటరీ లేకుండా కరెంటు లైన్‌కి కలిపే ఆన్‌గ్రిడ్ సిస్టమ్ కరెంటు పోతే ఆగిపోతుంది, అది తెలియకుండా సొంత కరెంటు అనుకోవద్దు. ఇల్లు లేచాక చూద్దాం. ఆవు ఇప్పుడు వద్దు.

మరి కల మానుకోవాలా అంటే వద్దండీ, వరస మార్చుకోండి చాలు. తోట ముందు, ఇల్లు తర్వాత. చెట్టు పెరగడానికి పట్టే టైమ్ ఏ బ్యాంకూ అప్పివ్వదు, అదే ఇల్లు ఎప్పుడైనా ఏడాదిలో లేస్తుంది. బీడు భూముల్ని పచ్చగా మార్చిన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థని చూసొచ్చాకే ఈ ఆలోచన వచ్చిందని రాశారు, అక్కడ చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో 32 ఎకరాల బీడుతో మొదలుపెట్టారు, మీరు చూసిన పచ్చదనం వెనక ముప్పై ఏళ్ళ పైన పని ఉంది. మీ ఎకరానికి ముందు చేయాల్సింది వాన నీళ్ళు బయటికి పోకుండా గట్లు, వాలుకి అడ్డంగా కందకాలు, పల్లం వైపు ఒక చిన్న కుంట. మొదటి ఏడాది 70 కాదు, 20 మొక్కలు. మీ లిస్ట్‌లో కొబ్బరి, అరటి ఉన్నాయి, కరువు తట్టుకునే తోట అని పైన రాసి కింద కొబ్బరి రాస్తే ఎలా, అవి తీసేయండి. సీతాఫలం, రేగు, ఉసిరి, నేరేడు, చింత, మునగ, గట్టు మీద కానుగ, వేప. వానలు మొదలయ్యాక నాటితే సెప్టెంబర్, అక్టోబర్ వానలు అందుతాయి. పాదుల్లో వేరుశనగ పొట్టు మందంగా పరిచితే తడి ఎక్కువ రోజులు ఉంటుంది, కదిరిలో అది దొరకని చోటు లేదు. డ్రిప్ సబ్సిడీకి పట్టాదారు పాస్‌బుక్ పట్టుకుని రైతు సేవా కేంద్రంలో అడగండి. ఇదంతా ఇప్పుడు మీకు మిగిలే 48 వేల్లోంచి నెలనెలా కొంచెం కొంచెంగా అయిపోతుంది, ఒక్క రూపాయి అప్పు లేకుండా. మూడు ఎండాకాలాలు ఆ 20 మొక్కల్ని ఊరికి దూరంగా ఉండి బతికించుకోగలిగితే అప్పుడు నీళ్ళు ఎంత కావాలో, మనిషి కూలీ ఎంతో, మీకు ఆ పని నచ్చిందో లేదో అన్నీ తెలిసిపోతాయి.

ఇల్లు ఆ తర్వాత, 1200 కాదు, 650 అడుగులు, కాగితాలు సరిచేసుకుని హోమ్ లోన్‌తో, ఈఎంఐ జీతంలో పాతిక శాతం దాటకుండా. ఉద్యోగం మానేసేది ఆ లోన్ తీరాకే, లేదా మీ ఆవిడో మీరో అక్కడి నుంచి నెలకి ఇంత అని గ్యారెంటీగా సంపాదించే దారి కనిపించాకే.

ఈ వారం చేయాల్సినవి చెప్తా. ఆ ప్రోనోటు మీద అప్పిస్తానన్నాయనకి వద్దని ఫోన్ చేసి చెప్పేయండి, అడ్వాన్స్ ఏమైనా తీసుకుని ఉంటే తిరిగిచ్చేయండి. ఎఫ్‌డీని రెండు ముక్కలు చేసి ఏడున్నర లక్షలది మీ ఇద్దరి పేరు మీద జాయింట్‌గా పెట్టండి. తర్వాత మీరూ మీ ఆవిడా కలిసి కూర్చుని కదిరిలో ఉంటే నెలకి ఏమేం క్యాష్ కావాలో లైన్ లైన్‌గా రాసి నాకు పంపండి, ఇల్లు ఎప్పుడు మొదలుపెట్టొచ్చో ఆ కాగితం చూసి చెప్తా.