రేవుల్లో ఓడవాళ్ల టూర్లు కొనాలా, సొంతంగా తిరగాలా? మా ఇద్దరి అనుభవం

మీ ప్రశ్న చదివాను. ఇద్దరే వెళుతున్నారు. ఏడు రాత్రుల పశ్చిమ మధ్యధరా క్రూయిజ్, అన్నిటికన్నా చవకైన, కిటికీ లేని లోపలి గది. తీరా చూస్తే రేవుల్లో ఓడవాళ్లు అమ్మే టూర్ల ఖర్చు టికెట్టు ధరను మించిపోతోంది, సొంతంగా తిరిగితే ఓడ వెళ్ళిపోతుందేమోనని భయం. సరిగ్గా ఇదే లెక్క ముందు పెట్టుకుని నేనూ మా వారూ ఒక రాత్రంతా కూర్చున్నాం. ఆ తర్వాత ఆ సముద్రం మీద రెండుసార్లు వెళ్ళొచ్చాం. ఓడ ఎన్నడూ తప్పిపోలేదు, కానీ ఒకసారి గుండె దడదడలాడింది. అదీ చెబుతాను.

ముందుగా ఒక మాట. రేవు పేరు చూడగానే అక్కడ చూడాల్సినవి ఏమున్నాయో వెతుకుతాం. మేమూ అదే చేశాం. అసలు వెతకాల్సింది ఓడకు తిరిగి వచ్చే దారులు ఎన్ని ఉన్నాయో. నడిచి తిరిగి రాగలిగిన రేవులో టూరు కొనడం డబ్బు దండగ. దూరం ఎక్కువై, తిరిగి రావడానికి ఒకటే దారి ఉన్న చోట ఓడవాళ్ల బస్సుకు డబ్బు పెట్టడం దండగ కాదు. వాళ్ల టూరులో వెళ్ళినవాళ్లు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా తర్వాతి రేవుకు వాళ్లే చేరుస్తారు. సొంతంగా వెళ్ళినవాళ్ల కోసం ఆగదు. టూరు ధరలో మీరు కొనేది చాలావరకు ఆ హామీనే.

నడిచి తిరగడానికి మాల్టా రాజధాని వాలెట్టాను మించిన రేవు నేను చూడలేదు. గ్రాండ్ హార్బర్‌లో కోట గోడల కిందే ఓడ ఆగుతుంది. కాస్త నడిస్తే లిఫ్టు, అది నేరుగా అప్పర్ బరాక్కా తోటలోకి తీసుకెళుతుంది. మధ్యాహ్నం పన్నెండుకు ఆ తోట కింది బురుజు మీద ఫిరంగి పేలుస్తారు. పావుగంట ముందే వెళితే గోడ పక్కన చోటు దొరుకుతుంది. 1565లో ఒట్టోమన్ల ముట్టడి తర్వాత సెయింట్ జాన్ నైట్లు అనే క్రైస్తవ యోధుల సంఘం వాళ్లు పద్ధతిగా కట్టించుకున్న ఊరు కాబట్టి వీధులు గీత గీసినట్టు ఉంటాయి, దారి తప్పుతామన్న బెంగ లేదు. అక్కడి పెద్ద చర్చిలో (కో-కెథడ్రల్ అంటారు) ఇటలీ చిత్రకారుడు కారవాజియో 1608లో వేసిన బాప్తిస్మమిచ్చు యోహాను శిరచ్ఛేదం చిత్రం ఉంది. దాని ముందు మా వారు అరగంట కదలలేదు. గైడు జెండా వెనక నడిచే గుంపులో ఉంటే ఆ అరగంట దొరికేదా? ఆదివారాలు మాత్రం అది సందర్శకులకు తెరవరు, మీ తేదీ చూసుకోండి. సాయంత్రం చిన్న పడవలో అవతలి ఒడ్డుకు, బిర్గు వైపు వెళ్ళొచ్చాం. ఆ రోజంతా మాకైన ఖర్చు ఓడలో చూపిన టూరులో ఒక మనిషి టికెట్టుకు కూడా సరిపోదు.

ఇటలీలోని జెనోవా కూడా ఇలాంటిదే. రేవు నుంచి పెద్ద రైల్వే స్టేషనుకూ పాత ఊరి సందులకూ నడక దూరమే. ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో ఓడలు ఆగే చోటు ఊరికి చాలా ఎడంగా ఉంటుంది, పాత రేవు దాకా షటిల్ బస్సు ఎక్కితే చాలు.

ఇక నేపుల్స్. మేము భయపడింది ఇక్కడే. ఓడ ఊరి మధ్యలోనే ఆగుతుంది, గేటు దాటగానే పాత కోట కనిపిస్తుంది. పాంపే వెళ్ళాలంటే దగ్గరలోని మునిచిపియో స్టేషనులో మెట్రో ఎక్కి గారిబాల్డిలో దిగాలి, అక్కడ సొరెంటో వైపు వెళ్ళే లోకల్ రైలు పట్టుకోవాలి. దిగాల్సిన స్టేషను పేరు పాంపే స్కావి. ఉత్త పాంపే అన్న పేరుతో వేరే స్టేషను కూడా ఉంది, పొరపడకండి. రైల్లో నలభై నిమిషాల లోపే. స్టేషను బయటే పోర్టా మరీనా ద్వారం. 79వ సంవత్సరంలో వెసూవియస్ బూడిద కింద పూడుకుపోయిన ఊరు అది, ఒక చివర నుంచి ఇంకో చివరకు నడవడానికే చాలాసేపు పడుతుంది, నీడ తక్కువ. 2024 నవంబరు నుంచి రోజుకు 20,000 మందినే అనుమతిస్తున్నారు, టికెట్టు మీద పేరు ఉండాలి. కాబట్టి ముందే కొనుక్కోండి.

మేము చేసిన తప్పు ఏమిటంటే, చూసుకుంటూ చూసుకుంటూ తూర్పు చివర ఉన్న ఆంఫిథియేటర్ దాకా వెళ్ళి, అక్కడున్న ద్వారంలోంచే బయటికి వచ్చేశాం. అది ఇప్పటి పాంపే ఊళ్ళోకి తెరుచుకుంటుంది. మా స్టేషను పడమటి చివర! ఒకసారి బయటికి వస్తే మళ్ళీ లోపలికి రానివ్వరు. ఎండలో గోడ వెంబడి ఆ దూరమంతా నడిచి వెళ్ళేసరికి మేము అనుకున్న రైలు వెళ్ళిపోయింది. తర్వాతి రైలుకు అరగంట. ప్లాట్‌ఫాం మీద నిలబడి ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. అయినా ఓడ మెట్లు ఎక్కేటప్పటికి ఇంకా గంటకు పైనే మిగిలింది. ఎందుకంటే ఇంటి దగ్గరే ఒక నియమం పెట్టుకున్నాం: రైలు ఎక్కాల్సిన రోజున, అందరూ ఓడలో ఉండాలని చెప్పిన సమయానికి రెండు గంటల ముందే రేవు గేటు దగ్గర ఉండాలి. నడిచి తిరిగే ఊళ్ళలో గంట చాలు. అందరూ ఓడలో ఉండాలని చెప్పే ఆ సమయం కూడా ఓడ బయలుదేరే వేళ కాదు, దానికి అరగంట నుంచి గంట ముందు ఉంటుంది. మీరు దేన్నైనా మర్చిపోండి, ఈ రెండు గంటలను మాత్రం ఎంత మంచి దృశ్యం కోసమైనా వదులుకోకండి.

రోమ్ సంగతి వేరు. చీవిటవెక్కియా రేవు నుంచి ఊరు 70 కిలోమీటర్లకు పైనే. రైలు ఉంది, చవక, సాన్ పియెత్రో స్టేషనులో దిగితే వాటికన్‌కు నడిచి వెళ్ళొచ్చు, చాలామంది అలాగే వెళతారు. కానీ ఇటలీలో రైల్వే సమ్మెలు తరచుగా జరుగుతాయి. తేదీలు ముందే ప్రకటిస్తారు, సమ్మెకు ఇటాలియన్ మాట షోపెరో (sciopero), దానితో వెతికితే దొరుకుతాయి. మేము వెళ్ళిన వారంలో ఏ సమ్మే లేదు, అయినా నా మనసు ఒప్పుకోలేదు. ఓడవాళ్ల దగ్గరే గైడు లేకుండా ఉత్త రాకపోకల బస్సు మాత్రమే అమ్మే టికెట్టు కనిపించింది, అది కొన్నాం. ఓడ హామీ ఉంటుంది, రోమ్‌లో మన ఇష్టం. రైలుకన్నా ఎంతో ఎక్కువైంది, నేను ఒక్క క్షణం కూడా బాధపడలేదు. వాలెట్టాలో, జెనోవాలో మిగిలిన డబ్బే ఇది. మీరూ వారం మొత్తానికి ఒకటే లెక్క వేసుకోండి, ఒక రేవులో మిగిలింది ఇంకో రేవుకు పనికొస్తుంది.

ఎప్పుడైనా గ్రీసు వైపు వెళితే సాంటొరీని లాంటి చోట్ల ఇంకో చిక్కు ఉంటుంది. ఓడ ఒడ్డుకు రాదు, చిన్న పడవల్లో దించుతారు, టూరు కొన్నవాళ్లకే ముందు వరుస. సాయంత్రం పై ఊరి నుంచి కిందికి దిగే కేబుల్ కారు దగ్గర క్యూ చాలా పొడవు. లేదంటే దాదాపు ఆరువందల మెట్లు. అక్కడ కూడా రెండు గంటల నియమమే.

గదికి రాత్రి రోజూ ఒక కాగితం వస్తుంది, కొన్ని ఓడల్లో యాప్‌లో ఉంటుంది. అందులో రేవు ఏజెంటు, అంటే ఆ ఊళ్ళో ఓడ తరఫున పనులు చూసే మనిషి, ఫోను నంబరు ఉంటుంది, దిగే ముందు ఫొటో తీసుకోండి. ఆలస్యమైతే మొదట ఫోను చేయాల్సింది ఆ మనిషికే. ఓడ గడియారం, ఊరి గడియారం ఒక్కోసారి ఒకటి కావు, ఫోను తనంతట తానే ఊరి సమయానికి మారిపోతుంది. అందుకే మా వారు చేతి గడియారాన్ని ఓడ సమయానికి పెట్టుకుని మార్చకుండా ఉంచేవారు. సముద్రంలో ఉన్నంతసేపూ ఫోను విమానం మోడ్‌లో ఉంచండి, ఓడ నెట్‌వర్క్ రోమింగ్ బిల్లు దారుణంగా ఉంటుంది. మీ పాస్‌పోర్టుకు షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే ఉమ్మడి వీసా) అవసరమైతే, మధ్యలో ట్యునీషియా లాంటి బయటి రేవు ఒక్కటి ఉన్నా ఒకటికన్నా ఎక్కువసార్లు ప్రవేశించగల వీసా కావాలి.

లోపలి గది గురించి బెంగ పెట్టుకోకండి. బాల్కనీ కావాలని మా వారు మొదట పట్టుబట్టారు. కిటికీ లేక తెల్లారిందో లేదో తెలియదు, నిజమే. మా ఓడలో టీవీలో ఒక ఛానల్ ముందువైపు కెమెరా దృశ్యం చూపించేది. రాత్రి దాన్ని శబ్దం లేకుండా పెట్టి పడుకుంటే తెల్లవారుతుండగా గదిలోకి వెలుతురు వచ్చేది. అదే మా కిటికీ. ఖర్చు పెరిగేది గదితో కాదు. మనిషికి రోజుకింత అని కలిపే టిప్పులు, ఇంటర్నెట్, పానీయాల ప్యాకేజీ, వీటితో. చాలా ఓడల్లో ఒకే గదిలోని పెద్దవాళ్లు ఇద్దరూ ఆ ప్యాకేజీ తీసుకోవాలన్న నిబంధన ఉంటుంది. ఒక్కరే తాగేవాళ్లయితే విడిగా కొనుక్కోవడమే మేలు.

మీ ఓడ నేపుల్స్‌లో ఎన్నింటికి ఆగి ఎన్నింటికి బయలుదేరుతుందో రాయండి. పాంపేకు సమయం చాలుతుందో లేదో, ఏ వేళకు తిరుగు రైలు ఎక్కాలో లెక్కవేసి చెబుతాను.