కణితి పాతదని మీరే రాసి ఇవ్వకండి

ప్రశ్న: మా వారికి 44 ఏళ్లు. 2022 మార్చిలో ఛాతీ నొప్పి వస్తే స్థానిక డాక్టరు ఈసీజీ తీసి, గ్యాస్ అని పది రోజులకు మాత్రలు ఇచ్చారు. తగ్గిపోయింది. ఆ జులైలో ఆరోగ్య బీమా తీసుకున్నాం. 2024లో మళ్లీ నొప్పి, ఆయాసం. సీటీ స్కాన్ తీసి థైమస్ గ్రంథిలో కణితి ఉందన్నారు. ఆగస్టులో ఆపరేషన్ జరిగింది. నా నగలు తాకట్టు పెట్టి రూ.6.40 లక్షలు కట్టాం. డిశ్చార్జి సమ్మరీలో ‘మూడేళ్లుగా ఛాతీ నొప్పి’ అని ఉంది, అంటే పాలసీకి ముందే ఉన్న జబ్బును దాచారంటూ కంపెనీ అక్టోబరు 18న క్లెయిము తిరస్కరించింది. ఆ మాటను ‘మూడు నెలలు’ అని మార్పిస్తానని ఏజెంటు అంటున్నారు. గ్యాస్ అని చెప్పిన డాక్టరు మీద కూడా కేసు వేయాలని ఉంది. మాకు న్యాయం జరుగుతుందా?
- ఒక గృహిణి, ఒంగోలు

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు ఉంది. నగల గురించి ఒక పేజీ రాశారు, బీమా తీసుకునేటప్పుడు నింపే ప్రపోజల్ ఫారం గురించి మాత్రం ఒకే వాక్యం: ‘ఏజెంటే నింపారు, మా వారు సంతకం చేశారు.’ కేసు ఆ ఫారం మీదే తేలుతుంది. సంతకం పెట్టిన రోజున మీ వారికి ఏం తెలుసు, ఫారం ఏం అడిగింది, దానికి ఏం జవాబు ఉంది? కోర్టు చూసేది ఇదే.

ఛాతీ నొప్పి లక్షణమే గానీ వ్యాధి కాదు. రొమ్ము ఎముక వెనక, గుండెకు ముందు ఉండే థైమస్‌లో కణితి పెరుగుతోందని 2022లో ఏ వైద్యుడూ చెప్పలేదు, దానికి వైద్యమూ జరగలేదు. తెలియని జబ్బును ఎవరూ దాచలేరు. అయితే ఫారంలో ‘ఈ మధ్య ఏ వైద్యుడినైనా సంప్రదించారా?’ అన్న ప్రశ్న ఉండి, ఏజెంటు ‘లేదు’ అని టిక్కు పెట్టి ఉంటే కంపెనీకి పట్టు దొరుకుతుంది. పాలసీ అయిదేళ్లు నిండి ఉంటే, మోసం రుజువైతే తప్ప ఇలాంటి అభ్యంతరం చెల్లేది కాదు. మీకు నిండినవి రెండేళ్లే. చదవకుండా సంతకం పెట్టడం చిన్న తప్పు కాదమ్మా. ఆ ఫారం నకలు పంపమని కంపెనీకి ఈరోజే రిజిస్టర్డ్ పోస్టులో రాయండి.

ఇక ఆ ‘మూడేళ్లు’. డ్యూటీ డాక్టరు అడిగినప్పుడు పక్కనున్నవారు నోటికి వచ్చింది చెబుతారు, అది కాగితం ఎక్కుతుంది. రాసిన డాక్టరు ప్రమాణపత్రం (అఫిడవిట్) లేకుండా ఆ ఒక్క వాక్యంతోనే క్లెయిము కొట్టేయడం కుదరదని వినియోగదారుల కమిషన్లు చాలాసార్లు చెప్పాయి. రుజువు చేయాల్సిన భారం కంపెనీదే.

ఏజెంటు మాట మాత్రం వినవద్దు. అసలు సమ్మరీ నకలు కంపెనీ ఫైలులో ఉంది. మీరు ‘మూడు నెలలు’ అన్న కాగితం పెట్టిన రోజున గెలవాల్సిన కేసు ఫోర్జరీ కేసుగా మారుతుంది. భారతీయ న్యాయ సంహితలో 336, 340 సెక్షన్లు అందుకే ఉన్నాయి. ‘మూడేళ్లు’ నిజంగా పొరపాటైతే, ఆపరేషన్ చేసిన సర్జన్‌కు లిఖితపూర్వకంగా రాయండి. ఆయన కేస్ షీటు (ఆసుపత్రిలో రాసిన వైద్య రికార్డు) చూసి, ఇవాళ్టి తేదీతో, సంతకంతో వివరణ ఇవ్వవచ్చు. పాత కాగితం మీద గీత కూడా పడకూడదు.

డాక్టరు మీద కేసు అంతకంటే ప్రమాదం. ‘2022లోనే కణితి ఉంది, ఆయన కనిపెట్టలేదు’ అని ఫిర్యాదు రాస్తే, కంపెనీ వాదన అంతా మీ సంతకంతో మీరే రాసి ఇచ్చినట్లు. పైగా అది నిలవడం కూడా కష్టం. ఈసీజీ గుండె పనితీరును చూపుతుంది, థైమస్ కణితిని చూపదు. నిర్ణయంలో పొరపాటు ప్రతిసారీ నిర్లక్ష్యం కాదని సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ తీర్పులో చెప్పింది. కోపం ఎంత ఉన్నా ఆ డాక్టరును వదిలేయండి. ఆయన రాసిన ఓపీ చీటీ, ఈసీజీ కాగితం మాత్రం భద్రంగా దాచండి. అప్పట్లో మీకు గ్యాస్ అనే చెప్పారనడానికి అవే సాక్ష్యం.

గడువు సంగతి చూద్దాం. తిరస్కరణ నాటి నుంచి రెండేళ్లలో వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయాలి. అంటే 2026 అక్టోబరు 18. ఏడాదిన్నర ఏజెంటు చుట్టూ తిరిగారు. ఆ ఫోన్లూ విన్నపాలూ గడువును ఒక్క రోజు కూడా పెంచవు. మిగిలింది నాలుగు నెలలు. హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లాలంటే ముందు కంపెనీకి రాసి నెల ఆగాలి, ఆపైన విచారణ. మీకు అంత వ్యవధి లేదు, సర్జన్ ప్రమాణపత్రమూ అవసరం. కాబట్టి ఒంగోలులోని జిల్లా కమిషన్‌లోనే వేయండి. మీరు ఉండే ఊళ్లోనే వేసే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. ఫీజు లెక్క క్లెయిము మీద కాదు, కట్టిన ప్రీమియం మీద, రూ.5 లక్షల లోపైతే ఫీజే లేదు. తిరస్కరణ ఉత్తరం, పాలసీ, ప్రపోజల్ ఫారం, 2022 ఓపీ చీటీ, సీటీ, బయాప్సీ నివేదికలు, కేస్ షీటు ధ్రువీకృత నకలు, బిల్లులు జతచేయండి. బిల్లు మొత్తంతో పాటు వడ్డీ, ఖర్చులు కూడా అడగండి. ఫారం నకలు కంపెనీ పంపకపోతే, దాన్ని కమిషన్ ముందు పెట్టించాలని కోరండి.

మరొక మాట. పాలసీ రద్దు చేసినట్లు కంపెనీ తిరస్కరణ ఉత్తరంలో లేదు. జులైలో ప్రీమియం గడువు వస్తుంది, అలిగి మానేయకండి. ఈ కణితి కొందరిలో ఏళ్ల తర్వాత తిరగబెడుతుంది, స్కాన్లు తీయిస్తూ ఉండాలి. ఈ వైద్య చరిత్రతో మీ వారికి కొత్త పాలసీ దొరకడం కష్టం.