లాంగ్‌టర్మ్ కోచింగా, అగ్రికల్చర్ బీఎస్సీనా?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి బైపీసీ పూర్తి చేసింది, నీట్‌లో ర్యాంకు రాలేదు. లాంగ్‌టర్మ్ చేరమంటే వద్దంటోంది. అగ్రికల్చర్ బీఎస్సీ చదివి, మారుతున్న వాతావరణానికి తట్టుకునేలా చిన్న రైతులకు సలహాలిచ్చే పని చేస్తుందట. చోడవరం దగ్గర మా అత్తవారికి రెండెకరాల వరి ఉంది. ఆ కష్టం చూశాను కాబట్టే నాకు టెన్షన్. ఆడపిల్ల ఎండలో పొలాల వెంట తిరగడమేనా?

జవాబు: అమ్మా, ఆ రెండెకరాల గురించే మాట్లాడుకుందాం. తొలకరి ఆలస్యమైతే మీ మామగారు ఏం చేస్తారు? నారు పోసి ఆకాశం వైపు చూస్తారు. నీళ్లు వచ్చేలోపు నారు ముదిరిపోతుంది, ఉభాలు (నాట్లు) అయ్యాక దుబ్బు సరిగ్గా కట్టదు, అంటే పిలకలు తక్కువ వస్తాయి. ఆ సమయంలో కుదురుకు ఎక్కువ మొక్కలు పెట్టమనో, నారు పనికిరాదనుకుంటే తక్కువ రోజుల రకం నేరుగా ఎదజల్లమనో చెప్పే మనిషి కావాలి. అన్నీ దాటి పంట చేతికొచ్చే వేళకు అక్టోబరు, నవంబరు తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలో తీరం దాటిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. మనం కరెంటు, నీళ్లు ఎప్పుడొస్తాయా అని చూశాం. పల్లెల్లో ఏడాది తిండే నీళ్లలో పడింది.

తుపాను హెచ్చరికల కేంద్రం విశాఖలోనే ఉంది. ఎల్లుండి భారీ వర్షమన్న సమాచారం ఫోన్లోకి వచ్చేస్తుంది. కానీ రైతు అడిగేది వేరు. ఈరోజు కోయాలా, ఆగాలా? కోసిన పనలు తడిస్తే ఏం చేయాలి? గింజ మొలకెత్తకుండా 5 శాతం ఉప్పు ద్రావణం చల్లమని ఆ గంటలో చెప్పగలిగితే కొంత ధాన్యమైనా దక్కుతుంది. ఆ మాట రైతు నమ్మాలంటే, అంతకుముందు ఎన్నోసార్లు ఆ గట్టు మీద నిలబడి ఉండాలి. ఈ ఉద్యోగంలో అసలు చదువు అదేనని నా నమ్మకం. కౌలు రైతుకు ఐదేళ్ల తర్వాత కాపు వచ్చే చెట్లు వేయమంటే అతనికేం ఉపయోగం? వచ్చే ఏడాది ఆ పొలం తన చేతిలో ఉంటుందో లేదో తెలియదు. ఎవరి పొలం, ఎవరి అప్పు అన్నది తెలియకుండా ఇచ్చే సలహా ఎంత శాస్త్రీయమైనా పనికిరాదు.

ఆడపిల్ల అంటున్నారు. నాట్లు, కలుపు, విత్తనం దాచడం ఎవరి చేతుల్లో ఉన్నాయి? ఆ ఆడవాళ్లు మగ అధికారికి చెప్పని సంగతులు మీ అమ్మాయికి చెబుతారు. మన రాష్ట్రంలో ప్రకృతి సాగు పల్లెల్లోకి వెళ్లిందే మహిళా సంఘాల ద్వారా. ఆ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ ఇచ్చే అంతర్జాతీయ బహుమతి కూడా వచ్చింది.

ఇబ్బందులూ చెప్పాలి. ఎండ నిజమే. రైతు సేవా కేంద్రంలో పనిచేసే గ్రామ వ్యవసాయ సహాయకులకు పంట నమోదులు, సర్వేలతోనే చాలా సమయం పోతుంది. ప్రభుత్వ నోటిఫికేషన్లు ఏటా రావు. విత్తన, పురుగుమందుల కంపెనీల్లో ఉద్యోగాలున్నాయి కానీ అక్కడ సలహా కన్నా అమ్మకానికి టార్గెట్ ఉంటుంది. పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే పీజీ తప్పదు.

సీటు ఏపీ ఈఏపీసెట్ అగ్రికల్చర్ విభాగం ర్యాంకు మీద వస్తుంది, కోర్సు నాలుగేళ్లు. ఆచార్య ఎన్జీ రంగా వర్సిటీ అడ్మిషన్ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చూస్తూ ఉండండి. రైతు కుటుంబాల పిల్లలకు కోటా ఉంది. అయితే పల్లెల్లో చదివిన ఏళ్లు కూడా లెక్కలోకి తీసుకుంటారు, గాజువాకలో చదివిన పిల్లకు వస్తుందని ముందే అనుకోవద్దు. ప్రైవేటు కాలేజీ అయితే ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) గుర్తింపు ఉందో లేదో చూడకుండా ఫీజు కట్టకండి. అది లేకపోతే ప్రభుత్వ ఉద్యోగాల దగ్గర ఇబ్బంది పడాల్సి వస్తుంది.

ఇప్పుడే నిర్ణయం చెప్పకండి. ఈసారి ఉభాలప్పుడు అమ్మాయిని పది రోజులు చోడవరంలో తాతయ్య దగ్గర ఉంచండి. పొలంలో దిగనివ్వండి, రైతు సేవా కేంద్రంలో ఒక పూట కూర్చోనివ్వండి. తిరిగి వచ్చేటప్పుడు అనకాపల్లి వ్యవసాయ పరిశోధన స్థానానికి తీసుకెళ్లండి. చెరకు మీద అక్కడ వందేళ్లకు పైగా పరిశోధన జరుగుతోంది. ఇంటికొచ్చాక అమ్మాయి ఏం చెబుతుందో వినండి. అప్పటికీ ఇదే కావాలంటే లాంగ్‌టర్మ్ మాట ఇక ఎత్తకండి.